వానాకాలానికి ముందు పెరోవ్‌స్కైట్ కాంతిస్థాన సెన్సార్ల విషయంలో జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు జూన్‌లో విశాఖపట్నం చేరకముందే, పెరోవ్‌స్కైట్ (కాంతిని కరెంటుగా మార్చే ఒక స్ఫటిక పదార్థం) పొరతో చేసిన కాంతిస్థాన సెన్సార్లను, అంటే తమ మీద కాంతి బిందువు ఎక్కడ పడిందో చెప్పే సెన్సార్లను, వాడే ప్రయోగశాలలు సిద్ధం కావాలి. సముద్రతీరం కావడం వల్ల ఇక్కడ వాన లేని రోజున కూడా గాలిలో తేమ ఎక్కువే. ఈ సెన్సార్లలో తరచుగా వాడే మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ అనే, సీసం ఉన్న పెరోవ్‌స్కైట్‌కు తేమ అసలు గిట్టదు.

ఈ సెన్సార్ మీద కాంతి బిందువు పడినప్పుడు పుట్టే విద్యుదావేశాలు పక్కలకు వ్యాపించి, రెండు చివరల ఎలక్ట్రోడ్లకు చేరతాయి. ఆ రెండు కరెంట్ల తేడాను వాటి మొత్తంతో భాగించి బిందువు ఎక్కడుందో లెక్కిస్తారు. కాంతి తీవ్రత మారినా స్థానం మారినట్లు కనిపించకుండా చేయడమే ఈ భాగహారం ఉద్దేశం. అయితే తేమ ఒక అంచు నుంచి చొరబడితే, ఆ వైపు పొర విడిపోయి పసుపుపచ్చని లెడ్ అయొడైడ్ మిగులుతుంది, ఆ వైపు కరెంటు తగ్గుతుంది, కదలని బిందువు రెండో వైపుకు జరిగినట్లు లెక్క చెబుతుంది. పూర్తిగా పాడైన సెన్సార్‌ను తీసి పక్కన పెడతాం; సగం పాడై, నమ్మదగినట్లే అంకెలు చూపే సెన్సార్ కొలతలన్నింటినీ చెడగొడుతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే.

అందుకని వానలకు ముందే, స్థిరంగా బిగించిన లేజర్‌ను సెన్సార్ మధ్యలో పెట్టి, రెండు కరెంట్లనూ విడివిడిగా నమోదు చేసుకోవాలి. స్థానం అంకె ఒక్కటే రాసుకుంటే చాలదు. పొరలో అయాన్లు కదలడం వల్ల మొదట రీడింగ్ కొంత జారుతుంది కాబట్టి, ప్రతిసారీ అదే వోల్టేజీ ఇచ్చి, అంతే సేపు ఆగి చూడాలి. ఒక వైపు కరెంటు మాత్రమే తగ్గుతూ వస్తే ఆ సెన్సార్‌ను వాడకం నుంచి తప్పించాలి. పొర ఇంకా నల్లగానే కనిపిస్తోందని ఉంచేయకూడదు.

ఏసీ గదిలో చల్లబడిన సెన్సార్‌ను నేరుగా బయటికి తెస్తే గాజు మీద గాలిలోని తేమ నీరుగా చేరుతుంది. మూతపెట్టిన డబ్బాలోనే ఉంచి, బయటి వేడికి వచ్చాకే తెరవాలి. తడిసిన సెన్సార్‌ను ఓవెన్‌లో ఆరబెట్టకూడదు, వేడికి మిథైల్ అమ్మోనియం భాగం ఎగిరిపోతుంది. గాజుమూత అంచుల్లో దాన్ని అతికించిన ఎపాక్సీ జిగురు పగిలిందేమో ఇప్పుడే భూతద్దంతో చూసుకోవడం మంచిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఈ నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటప్పుడు ఏసీనీ, నైట్రోజన్ గ్లవ్‌బాక్స్‌నూ (తేమ లేని నైట్రోజన్ నింపిన మూసిన పెట్టె) నమ్ముకోలేము. తుపాను హెచ్చరిక వెలువడగానే సెన్సార్లను తాజా సిలికా జెల్‌తో కలిపి, తేమ చొరని అల్యూమినియం పూత సంచుల్లో వేడితో అతికించి, నేలకు ఎత్తుగా భద్రపరచాలి. పెరోవ్‌స్కైట్ పొర తయారీలో ద్రావణిగా వాడే డైమిథైల్ ఫార్మమైడ్ చర్మం గుండా లోపలికి పోతుంది. కరెంటు పోయి ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటికి లాగే గూడు) ఆగితే సీసాలకు మూతలు బిగించి గది వదిలి రావాలి.

విరిగిన లేదా పసుపుబారిన సెన్సార్‌ను కుళాయి కింద కడగకూడదు, ఎందుకంటే అందులోని సీసం కొంత నీటిలో కరిగి కాలువకు చేరుతుంది. ముక్కలనూ, తుడిచిన కాగితాలనూ చేతితొడుగులతో ఏరి, మూత ఉన్న డబ్బాలో వేసి, సీసం ఉందని చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికే అప్పగించాలి.