చేప తోకతో నడిచే జలవాహనం: సమస్య - పరిష్కారం

ప్రొపెల్లర్‌కు బదులు తోక ఆడించి నీటిలో నడిచే చిన్న వాహనాన్ని ప్రాజెక్టుగా చేపట్టే విశాఖ విద్యార్థులకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

సమస్య: తోక చురుగ్గా ఆడుతుంది, వాహనం మాత్రం ముందుకు సాగదు.

తోక సెకనుకు ఎన్నిసార్లు ఆడుతోందో (అటు వెళ్లి ఇటు తిరిగొస్తే ఒకసారి) లెక్కించి, ఆ సంఖ్యను తోక కొస ఈ అంచు నుంచి ఆ అంచుకు కదిలే దూరంతో గుణించి, వాహన వేగంతో భాగిస్తే స్ట్రౌహల్ సంఖ్య వస్తుంది. చక్కగా ఈదే చేపల్లో, డాల్ఫిన్లలో ఇది సాధారణంగా 0.2 నుంచి 0.4 వరకు ఉంటుంది. సెకనుకు 2 సార్లు, 10 సెం.మీ. మేర ఆడే తోక వాహనాన్ని సెకనుకు 20 సెం.మీ. మాత్రమే నడిపితే ఆ సంఖ్య 1 అవుతుంది, అంటే శ్రమలో ఎక్కువ భాగం నీటిని పక్కలకు నెట్టడానికే పోతోందన్నమాట. చాలామంది వెంటనే మోటారు వేగం మార్చి చూస్తారు. అది దండగ పని. ఆడే వేగం మారితే వాహన వేగమూ ఇంచుమించు అదే నిష్పత్తిలో మారుతుంది కనుక సంఖ్య ఉన్నచోటే ఉంటుంది.

సరిచేయవలసింది తోక రెక్కను. పైనుంచి ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి గమనించండి. మధ్యగీత దాటే క్షణంలో రెక్క వాలు (వాహనం సాగే దిశతో రెక్క చేసే కోణం) అత్యధికంగానూ, రెండు అంచుల వద్ద దాదాపు సున్నాగానూ ఉండాలి. అసలు వాలకపోతే రెక్కకూ తోకకూ మధ్య పలుచని సిలికాన్ పట్టీ అతికించాలి. మడత పడిపోతుంటే ఆ పట్టీ మందం పెంచాలి. అప్పటికీ ఫలితం లేకపోతే, బయటికి పొడుచుకొచ్చిన బోల్టులు, వేలాడే వైర్లు నీటి నిరోధాన్ని పెంచుతున్నాయేమో చూసి, చివరగా రెక్క వైశాల్యం పెంచండి.

సమస్య: తోకతో పాటు తల కూడా ఊగుతుంది.

తోక ఒకవైపు నెట్టిన ప్రతిసారీ శరీరం రెండోవైపు తిరగడమే కారణం. ఫిషింగ్ హార్బర్‌లో వంజరాన్ని పరిశీలిస్తే పరిష్కారం అక్కడే కనిపిస్తుంది: ముందుభాగం పైనుంచి కిందికి వెడల్పుగా, బరువుగా ఉంటుంది, తోక మొదలు మాత్రం సన్నబడుతుంది. బ్యాటరీని ముందుకు జరిపి, ముందుభాగంలో పైనా కిందా నిలువు రెక్కలు అమర్చాలి.

సమస్య: వాహనం ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతుంది.

సర్వో (తోకను ఆడించే మోటారు) మధ్యస్థానం తప్పింది. ప్రోగ్రాంలో సరిచేస్తే చాలు.

సమస్య: తొట్టిలో మునిగి నిలిచిన వాహనం సముద్రంలో పైకి తేలుతుంది.

మంచినీరు లీటరు 1 కిలో తూగితే సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. అందుచేత 4 లీటర్ల ఘనపరిమాణం గల వాహనానికి అదనంగా 100 గ్రాముల బరువు కట్టాలి. కట్టకపోతే తోక నీటిపైకి వచ్చి గాలిని లాక్కుని తోపుడు కోల్పోతుంది, తప్పేమో మోటారు మీదికి పోతుంది. రుషికొండ నీటిలో దింపిన రోజున వాహనాన్ని మంచినీటితో కడిగి, సర్వో ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు రింగుకు మళ్లీ గ్రీజు పట్టించాలి.