ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పారామెడికల్ డిగ్రీ: చేరే ముందు చూడవలసినవి

ఇంటర్మీడియట్ బైపీసీ తరువాత ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫిజియోథెరపీ, రేడియాలజీ, డయాలసిస్ వంటి కోర్సుల్లో చేరదలచినవారు, ఫీజు సంగతి మాట్లాడక ముందే కోర్సు గుర్తింపు గురించి విచారించాలి. విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు. పార్లమెంటు 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రకారం, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కు కావలసిన డిగ్రీ చదువు కనీసం 3,600 గంటలు ఉండాలి. కాబట్టి సిలబస్ ప్రతిని అడిగి తీసుకుని, తరగతి గంటలెన్నో, ఆసుపత్రి గంటలెన్నో విడివిడిగా లెక్క చూడండి. ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపవద్దని యూజీసీ 2025లో ఆదేశించింది గనుక, అలా ఇస్తామనేవారి మాట నమ్మకండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆసుపత్రి. ఓపీ రద్దీగా ఉండే ఉదయం వేళ స్వయంగా వెళ్లి చూడండి. ఎక్స్‌రే గదిలో పనిచేసే విద్యార్థుల ఛాతీపై, రేడియేషన్ మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఉందా? అది లేకుండా పిల్లలను ఆ గదిలో నిలబెట్టే సంస్థలో, తక్కిన వసతులు ఎంత బాగున్నా, చేరవద్దనే చెబుతాను. డయాలసిస్ విభాగంలోనైతే, చివరి ఏడాది విద్యార్థులు సీనియర్ల పర్యవేక్షణలో ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటుకు) సూది పెడుతున్నారో, కేవలం రిజిస్టర్లు నింపుతున్నారో వారినే పక్కకు పిలిచి అడగండి.

ఇంటర్న్‌షిప్ కాలానికి కూడా ఫీజు కట్టాలా, స్టైపెండ్ ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్మిషన్ సొమ్ము చెల్లించండి.