పాత కిటికీ తీసి కొత్తది బిగించడం, సందులు మూయడం ఎలా?

కొత్తగా బిగించిన కిటికీ దగ్గర వాన నీరు లోపలికి దిగుతోందంటే, తప్పు చాలావరకు కిటికీది కాదు, చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందుది.

ముందుగా గోడలోని ఖాళీ వెడల్పును పైన, మధ్యలో, కింద, ఎత్తును ఎడమ, మధ్య, కుడి వైపుల కొలిచి, రెండింటిలోనూ అతి తక్కువ కొలతనే తీసుకోవాలి. అందులోంచి 10 మి.మీ. తగ్గించి కిటికీ చేయిస్తే ప్రతి పక్కా 5 మి.మీ. సందు మిగులుతుంది. ఈ సందును దండగ అనుకోకూడదు. ఎండకు వ్యాకోచించే చట్రానికి అది అవసరం.

పాత కిటికీ రెక్కలు తీసేశాక, చట్రాన్ని రంపంతో రెండు మూడు చోట్ల కోసి లోపలికి లాగితే గోడ అంచులు అంతగా దెబ్బతినవు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకకుండా తడిపి, మాస్కు పెట్టుకుని పని చేయాలి. పై అంతస్తు కిటికీ అయితే నిచ్చెన మీద నిలబడి సొంతంగా ప్రయత్నించకపోవడమే మేలు.

కొత్త చట్రాన్ని ప్లాస్టిక్ ప్యాకింగ్ ముక్కల మీద నిలిపి, రసమట్టంతో (స్పిరిట్ లెవెల్) అడుగునూ నిలువునూ సరిచూసి, ఐమూల కొలతలు (ఒక మూల నుంచి ఎదురు మూలకు) రెండూ సమానమయ్యాకే స్క్రూలు బిగించాలి. మూలల నుంచి 150 మి.మీ. దూరంలో మొదటి స్క్రూ, ఆపైన 600 మి.మీ. మించని ఎడంతో మిగతావి వేయాలి. ప్యాకింగ్ లేని చోట బిగిస్తే చట్రం వంగి రెక్క పట్టేస్తుంది.

తర్వాత సందును కాస్త తడిపి, చిమ్మాక ఉబ్బి గట్టిపడే నురుగులో తక్కువగా ఉబ్బే రకమైన కిటికీ ఫోమ్‌ను సగం వరకే నింపాలి. మామూలు ఫోమ్ ఉబ్బి చట్రాన్ని లోపలికి నెట్టేస్తుంది. గట్టిపడ్డాక మిగిలిన దాన్ని కత్తితో కోసి, బయటి వైపు నీరు దిగకుండా పూసే మెత్తటి సీలెంట్‌కు చోటు వదలాలి. సిమెంటు గోడకు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంట్ సరిగా అతుక్కోదు. ఆ వాసన రాని న్యూట్రల్ రకమే వాడాలి. ఇరువైపులా టేపు అంటించి, సీలెంట్ పూసి, పైపొర కట్టకముందే నునుపు చేసి టేపు లాగేయాలి.

ఉత్సాహంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: చట్రం అడుగున నీరు పోయేందుకు ఉన్న రంధ్రాలను కూడా మూసేస్తారు. వాటిని తప్పనిసరిగా వదిలేయాలి.

సీలెంట్ పూర్తిగా ఆరాక, ఒకరు లోపల నిలబడి గమనిస్తుండగా మరొకరు బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టాలి. అడుగు అంచు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి పోతే, ఏ ఎత్తులో నీళ్లు కొడుతున్నప్పుడు లోపల తడి కనిపించిందో అక్కడే సీలెంట్ తెగిందని తేలుతుంది.