ముసురు పట్టకముందే ఆక్సిజన్ మిషన్ ప్యూరిటీ చూపించుకోండి

పోయిన వారం ఒక ఇంటి నుంచి ఫోన్. నాన్నగారికి ఆయాసం ఎక్కువైంది, మిషన్ మాత్రం బాగానే నడుస్తోంది అన్నారు. వెళ్లి చూస్తే నిజంగానే నడుస్తోంది. ఫ్లో మీటర్‌లో గోళీ 5 దగ్గర నిలబడింది, సీసాలో బుడగలు గలగలా వస్తున్నాయి. గొట్టానికి అనలైజర్, అంటే ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం పెట్టాను. 61 శాతం. ఉండాల్సింది 90 పైన. 2021లో కొన్న ఆ మిషన్ (ఆక్సిజన్ కాన్సంట్రేటర్) ఇన్నాళ్లూ అటక మీదే ఉందట. పెద్దాయనను ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు.

బుడగలు చూసి నమ్మకండి. గాలి వస్తోందని మాత్రమే అవి చెబుతాయి. అందులో ఆక్సిజన్ ఎంతో చెప్పవు.

ఈ మిషన్ ఆక్సిజన్‌ను తయారు చేయదు. గాలిలో 78 శాతం ఉండే నైట్రోజన్‌ను పట్టి ఆపుతుంది, అంతే. ఆ పని లోపల ఉండే జియోలైట్ అనే పదార్థపు గుళికలది. వాటి సన్నని రంధ్రాల్లో ఉండే సోడియం, లిథియం అయాన్లకు ఆక్సిజన్ కన్నా నైట్రోజన్ గట్టిగా అంటుకుంటుంది, ఒత్తిడి తగ్గగానే ఊడిపోతుంది. కొన్ని సెకన్లకోసారి మిషన్ బుస్సుమనేది అందుకే.

నీటి అణువు అలా ఊడిరాదు. ఒక్కసారి అంటుకుందంటే ఒత్తిడి తగ్గించినా కదలదు. అది కూర్చున్న చోట ఇక నైట్రోజన్‌కు జాగా ఉండదు. ఆ నైట్రోజనంతా నేరుగా మనిషి ముక్కులోకి పోతుంది. 1756లో స్వీడన్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఇలాంటి ఖనిజాన్ని వేడి చేస్తే ఆవిరి కక్కింది, అందుకే 'మరిగే రాయి' అనే అర్థంతో జియోలైట్ అని పేరు పెట్టాడు. నీళ్లు పట్టి ఉంచుకోవడం దాని పుట్టుగుణం.

ఎండలో పెడితే ఆరదా అని అడుగుతుంటారు. ఆరదు. మందు డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ 120 డిగ్రీలకు నీళ్లు వదిలేస్తుంది. జియోలైట్‌కు 300 డిగ్రీల దాకా వేడి కావాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు, సీవ్ బెడ్ (జియోలైట్ నింపిన డబ్బా) మార్పించాల్సిందే.

మిషన్ ఖాళీగా ఉన్నా వారానికోసారి అరగంట నడపండి. ఆగి ఉన్నప్పుడే తేమ మెల్లగా లోపలికి పాకుతుంది. వంటగదిలో, బాత్రూమ్ పక్కన పెట్టకండి. ఫిల్టర్ కడిగితే పూర్తిగా ఆరాకే బిగించండి, తడి ఫిల్టర్ పెడితే ఆ తేమంతా లోపలికే పోతుంది.

ఆయాసం తగ్గలేదని లీటర్లు మీరే పెంచకండి. నీరసించిన జియోలైట్ మీద ఫ్లో పెంచితే ప్యూరిటీ ఇంకా పడిపోతుంది. మిషన్ బాగున్నా సరే, సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు ఎక్కువ ఆక్సిజన్ కూడా ప్రమాదమే. డాక్టర్ చెప్పిన అంకె దాటొద్దు.

ఆక్సిమీటర్ పెట్టే వేలికి నెయిల్ పాలిష్ ఉండకూడదు.
ముక్కు దగ్గర కొబ్బరినూనె, వాజెలిన్ వద్దు.
గోడకు అడుగు దూరంలో పెట్టండి.
సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు, రోజూ మార్చాలి.
కరెంటు పోతే ఉంటుందని చిన్న సిలిండర్ ఇప్పుడే నింపించుకోండి, గాలివాన రోజున దొరకదు.
అలారం మోగలేదుగా అని ఊరుకోకండి, ఆక్సిజన్ సెన్సార్ అన్ని మిషన్లకూ ఉండదు.
స్విచ్ వేసిన వెంటనే కాదు, పావుగంట నడిచాక, మీవాళ్లు వాడే ఫ్లో మీదే కొలిపించండి.
బుడగలు చూసి నమ్మకండి.
మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టి 'గాలి బాగా వస్తోంది' అంటే ఒప్పుకోకండి. అనలైజర్ తెమ్మనండి, అంకె చూపించమనండి.