ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర పాత సామాను కొనాలంటే: తిరుపతి వాళ్ల కోసం

తిరుపతిలో పాత సామాను చవగ్గా దొరికేది సెకండ్ హ్యాండ్ షాపుల్లో కాదు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, స్విమ్స్, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉన్న ఊరిది, వచ్చిపోయేవాళ్లకు కొదవ లేదు. ఏప్రిల్ నుంచి రూములు ఖాళీ అవుతుంటాయి. ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి కుటుంబాలు కూడా అంతకు ముందే సర్దేస్తాయి. బాలాజీ కాలనీ, భవానీ నగర్, ఎం.ఆర్.పల్లి వైపు వాచ్‌మన్‌లకు, ఇస్త్రీ బండి వాళ్లకు మీ నంబరు ఇచ్చి పెట్టండి. ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

వెళ్లే ముందు అదే సైజు కొత్తది ఎంతకు అమ్ముతున్నారో చూసుకోండి (ఎమ్మార్పీ కాదు). వాళ్లు అడిగిన ధరకు టాటా ఏస్ కిరాయి, మెట్లెక్కించే కూలీ, రిపేరు కలపండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివైతే మొత్తం కొత్తదాంట్లో సగం దాటితే వదిలేయండి, వారంటీ ఉండదు కదా. ఇనప బీరువా, స్టీలు సామానుకు ఇంకాస్త పెట్టొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఫ్రిజ్ దగ్గరే. ముందురోజు రాత్రే ఫోన్ చేసి, ట్రేలో నీళ్లు పోసి ఆన్‌లో పెట్టమనండి. పొద్దునకు ఐసు గడ్డకట్టకపోతే ఇక మాట్లాడే పనే లేదు. ‘ఇప్పుడే ఆన్ చేశాం’ అంటే సాయంత్రం వస్తామని చెప్పి వచ్చేయండి. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) పట్టడం లేదు. ఇలా నాలుగు వైపులా చూడాలి. వెనక కంప్రెసర్ పైపుల అతుకుల దగ్గర జిడ్డుగా నూనె మరక ఉంటే గ్యాస్ లీకవుతున్నట్టే. ‘మొన్ననే గ్యాస్ ఎక్కించాం’ అంటే సంబరపడొద్దు, లీకు మూయకుండా ఎక్కించిన గ్యాస్ మళ్లీ పోతుంది. స్టార్ లేబుల్ మీద ఏడాది కూడా చూడండి. ప్రమాణాలు పెంచుతూ ఉంటారు కాబట్టి పాత 5 స్టార్ ఇప్పటి 5 స్టార్‌తో సమానం కాదు. బండిలో నిలబెట్టే తేవాలి. తప్పనిసరై పడుకోబెడితే, ఇంట్లో నిలబెట్టాక ఒక రోజు ఆగి ప్లగ్గు పెట్టండి. పైపుల్లోకి పోయిన నూనె కంప్రెసర్‌లోకి దిగాలి.

వాషింగ్ మెషీన్‌కు ఖాళీ డ్రమ్ము చేత్తో తిప్పండి. గరగరమన్నా, పైకీ కిందికీ ఊపితే లూజుగా ఆడినా బేరింగ్ పోయినట్టే. బోరు నీళ్లు వాడిన ఇంట్లో గీజర్ జోలికి పోవద్దు. లోపల సున్నం ఎంత పట్టిందో బయటికి కనపడదు.

గ్యాస్ స్టవ్ వెలిగించి చూడండి. మంట పసుపుగా వస్తుంటే సాధారణంగా బర్నర్ మూసుకుపోయి ఉంటుంది, శుభ్రం చేస్తే సరిపోతుంది. దాన్ని చూపించి ధర తగ్గించమనండి. రబ్బరు ట్యూబు మాత్రం కొత్తదే వేయాలి. సిలిండర్, రెగ్యులేటర్ ఇస్తామన్నా తీసుకోవద్దు, అవి వాళ్ల కనెక్షన్‌వి.

చెక్క మంచానికి కీళ్ల సందుల్లో టార్చి వేయండి. నల్లటి చుక్కలు, సన్నటి పొట్టు కనిపిస్తే నల్లులున్నట్టు. రోహిణి ఎండలో పెడితే పోతాయిలే అంటారు గానీ సందుల్లోకి ఎండ దిగదు. విప్పి, మరిగే నీళ్లు పోయాలి. పరుపు ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఫోన్ అయితే బిల్లు అడిగి, *#06# నొక్కండి. వచ్చిన 15 అంకెల నంబరుకు ముందు ఇంగ్లిష్‌లో ‘కేవైఎం’ అని, ఖాళీ వదిలి, 14422కు ఎస్సెమ్మెస్ పంపితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది.

బేరం ఒక్కో వస్తువుకు విడివిడిగా ఆడకండి. ‘ఇవన్నీ కలిపి ఎంతకిస్తారక్కా?’ అని అడగండి. లారీ రావడానికి ఒకటి రెండు రోజుల ముందు బకెట్లు, స్టూళ్లు, కుక్కర్ ఊరికే కలిసొస్తాయి. కుక్కర్‌కు గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మార్చాకే వాడండి. శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి పంపనివాళ్లుంటారు, శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోనివాళ్లుంటారు. అందుకే ఆ రెండు రోజులూ బేరం కుదుర్చుకుని, ఆదివారం బండి పెట్టుకోవడం అందరికీ సుఖం.

వస్తువు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. ‘ఆర్మీలో పనిచేస్తున్నా, బదిలీ అయింది, రవాణా ఖర్చు పంపితే సామాను పంపిస్తా’ అనేది పాత మోసం. పొరపాటున పంపితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.