అమెరికా వెళ్తున్న గోదారి జిల్లాల వాళ్ళకు: తుపాకుల సంగతి

ఆగస్టులో అక్కడ కాలేజీలు మొదలు. అందుకే జూన్, జూలై వచ్చేసరికి మా భీమవరం చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పెట్టెలు సర్దుతూ కనిపిస్తారు. ఆవకాయ కారకుండా ఎలా కట్టాలి, కుక్కర్ తీసుకెళ్ళాలా, చలికి ఏ స్వెట్టర్ ఆగుతుంది అని అడిగేవాళ్ళకు కొదవ లేదు. తుపాకుల విషయానికొస్తే "జాగ్రత్త నాయనా, అక్కడ అందరి దగ్గరా గన్నులుంటాయంట" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. నేను చాలా ఏళ్ళు డాలస్ దగ్గర ఉండి వచ్చాను. నన్నడిగితే, కొత్తవాళ్ళను ఇబ్బందుల్లో పడేసేవి చాలావరకు మన సొంత అలవాట్లే. వాటిని ఇక్కడినుంచే వదిలించుకుని విమానం ఎక్కితే మంచిది.

అన్నిటికన్నా ముందు గుమ్మం సంగతి. మన ఊళ్ళలో గేటు తీసుకుని, అరుగెక్కి, "ఏవండోయ్, ఉన్నారా?" అని కేకేస్తాం. పలక్కపోతే పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి బావి దగ్గర చూస్తాం. కోనసీమలోనైతే కొబ్బరితోటలోంచి వచ్చే దొడ్డిదారే అసలు దారి. అక్కడ ఆ పని చెయ్యకండి. 1992లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో హాలోవీన్ పార్టీకి బయల్దేరిన ఒక జపాన్ విద్యార్థి ఇల్లు పొరబడి వేరేవాళ్ళ గుమ్మం ముందుకెళ్ళాడు. ఇంటాయన కాల్చేశాడు. కుర్రాడు చనిపోయాడు, క్రిమినల్ కేసులో ఇంటాయన నిర్దోషిగా బయటికొచ్చాడు. 2023 ఏప్రిల్‌లో కాన్సాస్ సిటీలో తమ్ముళ్ళను ఇంటికి తీసుకురావడానికి వెళ్ళి తప్పు ఇంటి బెల్లు కొట్టిన 16 ఏళ్ళ పిల్లాడి మీదా కాల్పులు జరిగాయి. అదృష్టం బాగుండి బతికాడు. తన ఇంట్లోకి జొరబడేవాడి మీద ఇంటాయన గన్ తియ్యడాన్ని చాలా రాష్ట్రాల చట్టం సమర్థిస్తుంది. ఎంతవరకు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కాబట్టి ఎవరింటికైనా ఫోన్ చేసే వెళ్ళండి. ఇంటి నంబరు రెండుసార్లు సరిచూసుకోండి, బెల్లు కొట్టాక రెండడుగులు వెనక్కి జరిగి వెలుతురులో నిలబడండి, కిటికీలోంచి తొంగి చూడకండి. అర్ధరాత్రి తాళంచెవి పోతే బాల్కనీ ఎక్కే సాహసాలు వద్దు, రూమ్మేట్‌ని నిద్రలేపండి. పురుడు పొయ్యడానికి వెళ్ళే అమ్మలకు ఇంకో మాట. తెల్లవారుజామున పక్కింటివాళ్ళ మందారాలు పూజకు కోసుకొచ్చే అలవాటు ఉంటే ఆ ఆరు నెలలు మానెయ్యండి. మా కాలనీలో ఒకావిడ మసక చీకట్లో కవరు పట్టుకుని ఎవరి గుమ్మం పక్క మొక్కల్లోనో వంగి ఉంటే ఎదురింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. వచ్చినవాళ్ళు నెమ్మదస్తులు కాబట్టి నవ్వుకుని వెళ్ళిపోయారు. ఆవిడకు మాత్రం నెలరోజులు టెన్షన్ తగ్గలేదు.

పోలీసు కారు ఆపితే దిగకండి. ఇక్కడ మనం ఏం చేస్తాం? బండి స్టాండు వేసి, కాగితాలు పట్టుకుని, "సార్ సార్" అంటూ ఎస్సై గారి దగ్గరికి మనమే వెళ్తాం. ఒక చేత్తో ఎవరో పెద్దమనిషికి ఫోన్ కూడా కలుపుతాం. అక్కడ దిగి పోలీసు వైపు నడిస్తే, మీ దగ్గర గన్ ఉండొచ్చన్న అనుమానం అతనికి ముందొస్తుంది. ఎదుటివాడి దగ్గర ఆయుధం ఉండే అవకాశం నిజంగానే ఉన్న దేశం అది. కారు పక్కకు తీసి, రాత్రైతే లోపల లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా ఉంచండి. లైసెన్సు అడిగితే "బ్యాగులో ఉంది, తీస్తాను" అని చెప్పి ఆ తర్వాతే చెయ్యి కదపండి.

ఇక చట్టం. కుర్రాళ్ళు అసలు పట్టించుకోనిదీ, అసలు తెలుసుకోవలసిందీ ఇదే. స్టూడెంట్ వీసా ఎఫ్-1, ఉద్యోగానికి హెచ్-1బి, దాని మీద వెళ్ళే భార్యాభర్తలకు హెచ్-4, చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలకు బి-2, ఇవన్నీ వలసేతర వీసాలే. ఈ వీసాల మీద వెళ్ళినవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022 నుంచి శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. సరైన వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు ఒక మినహాయింపు ఉంది. దాన్ని చూపించి మన పిల్లలు కొందరు గన్నులు కొంటున్నారు. 2024 నవంబరులో ఒక తెలుగు విద్యార్థి అట్లాంటాలో తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న గన్ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడు. చదువుకోవడానికి వెళ్ళినవాడికి వేట లైసెన్సుతో ఏం పని అని నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గ్రీన్‌కార్డు వచ్చిన సీనియర్ అన్న కొనుక్కోవచ్చు, అది అతని హక్కు. అతనితో షూటింగ్ రేంజికి వెళ్ళి, గన్ పట్టుకుని ఫొటో దిగి, ఇన్‌స్టాలో పెట్టే సరదా మాత్రం మీకొద్దు. అద్దె గన్ కాసేపు చేతిలో పట్టుకున్నా చట్టం దాన్ని ఎలా చూస్తుందో లాయరును అడక్కుండా అడుగు వెయ్యకండి. స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా ఖాతాలు తెరిచి ఉంచమని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు కూడా. "నాకు వీసా అడ్డం, నువ్వు నీ పేరున కొను, డబ్బులు నేనిస్తా" అని స్నేహితుణ్ణి అడగడం వేరే నేరం, ఇద్దరూ ఇరుక్కుంటారు.

పార్ట్‌టైమ్ గురించి అమ్మానాన్నల ముందే చెబుతాను. బంకుల్లో, రాత్రిపూట స్టోర్లలో నగదు ఉంటుంది, దొంగ గన్‌తో వస్తాడు. 2023 ఏప్రిల్‌లో ఒహాయోలోని కొలంబస్‌లో బంకులో కాల్పులకు బలైన కుర్రాడు మన ఏలూరువాడే. అసలు ఎఫ్-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. అప్పు తీరుద్దామని చేసేవాళ్ళున్నారు, నాకు తెలుసు. గల్లా దగ్గర గన్ చూపిస్తే డబ్బు ఇచ్చెయ్యండి. ఎదురు తిరగొద్దు, వెంటపడొద్దు.

మనవడి కోసం దీపావళికి కొన్న రీలు తుపాకీ పెట్టెలో పెట్టకండి. ఇనుముతో చేసినవి మన బజార్లలో దొరికేవి అచ్చం నిజం వాటిలాగే ఉంటాయి. అక్కడ అమ్మే బొమ్మ తుపాకీ మూతికి నారింజరంగు ముక్క ఉండాలని రూలు. 2014లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ పిస్టల్‌తో ఆడుకుంటున్న 12 ఏళ్ళ పిల్లాణ్ణి పోలీసులు నిజం గన్ అనుకుని కాల్చేశారు. పైగా ఆ రీళ్ళు పేలుడు సామాను, విమానంలోకి రానివ్వరు. ఆ జాగాలో ఇంకో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పడుతుంది.

వాల్‌మార్ట్‌లో నడుముకి గన్ తగిలించుకుని పాలు, గుడ్లు కొంటున్న మనిషి టెక్సాస్‌లో కనబడితే గుడ్లప్పగించి చూడకండి, వీడియో అసలే తియ్యకండి. 2021 సెప్టెంబరు 1 నుంచి అక్కడ 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డులేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట తిప్పుకోవచ్చు. న్యూజెర్సీలో కొనడానికే పర్మిట్ కావాలి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి టెక్సాస్ ఫ్రిస్కోకి ఇల్లు మారిన మనవాళ్ళకు అదే దేశం వేరే దేశంలా కనబడుతుంది.

ఇంత తేడా ఎందుకో తెలియాలంటే వాళ్ళ గొడవ ఏమిటో కొంచెం తెలియాలి. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఆయుధాలు ఉంచుకునే ప్రజల హక్కు గురించి చెబుతుంది. అది పౌరసేనకు సంబంధించిందా, ప్రతి మనిషికీ విడిగా ఉన్న హక్కా అని చాలాకాలం వాదించుకున్నారు. 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో మనిషి హక్కేనంది. 2022లో బ్రూయెన్ కేసులో ఇంటి బయట కూడా ఆ హక్కు ఉందంది. 2024లో మాత్రం, గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్నవాడి చేతినుంచి గన్ తీసేసుకోవచ్చని రహీమీ తీర్పులో ఒప్పుకుంది. తుపాకీ హక్కుల పక్షాన గట్టిగా నిలబడే ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) 1871లో గురి నేర్పడానికి పుట్టిన సంఘం. తుపాకులకు కట్టడి కావాలనే అవతలి పక్షం చాలావరకు కడుపుకోత నుంచి పుట్టింది. 2012లో శాండీ హుక్ బడిలో కాల్పులకు 20 మంది పసిపిల్లలు పోయాక తల్లులు, 2018లో పార్క్‌లాండ్ బడిలో కాల్పులకు 17 మంది చనిపోయాక అక్కడి విద్యార్థులే రోడ్డెక్కారు.

హక్కులవాళ్ళు చెప్పేది మనకు కొత్తగా అనిపిస్తుందిగానీ, ఒక్కసారి వెనక్కి చూడండి. 1878 ఆయుధాల చట్టంతో తెల్లదొరలు మనవాళ్ళ చేతుల్లో తుపాకీ లేకుండా కట్టడి చేశారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు కూడా ఉంది. స్వతంత్రం వచ్చాక రాసుకున్న రాజ్యాంగంలోకి అది రాలేదు. 1959 చట్టం కింద లైసెన్సు ఉంటేనే గన్, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించాలి. అందుకే మన జిల్లాల్లో తుపాకీ అంటే బ్యాంకు గార్డు భుజాన వేలాడే డబుల్ బ్యారెలే గుర్తొస్తుంది. చేతిలో ఆయుధం లేని జనం సర్కారు ముందు నోరెత్తలేరు అన్న అమెరికావాళ్ళ వాదనలో నాకు కొంత సబబు కనిపిస్తుంది. అయినా ఏటా నలభై వేలమందికి పైగా తుపాకీ వల్ల పోతున్నారు. ఆ హక్కుకి అక్కడ కడుతున్న ధర మరీ ఎక్కువైపోయిందనే నా అభిప్రాయం. మన పద్ధతే మేలు. ఈ మాట అక్కడ ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర అనకండి. ఓటు లేదు కాబట్టి నోరు మూసుకోమని కాదు, మాట్లాడే హక్కు మీకూ ఉంది. కానీ పక్క సీటాయనకు అది తాతనాటి వేట తుపాకీ, నాన్న జ్ఞాపకం. అడిగితే ఆయనే సంతోషంగా చెబుతాడు, వినండి.

పిల్లలున్నవాళ్ళు ఒకటి అలవాటు చేసుకోవాలి. పిల్లని ఆడుకోవడానికి ఎవరింటికైనా పంపేముందు "మీ ఇంట్లో గన్ ఉంటే తాళం వేసి ఉంటుందా?" అని అడగండి. పల్లీలు పడవని చెప్పినట్టే మామూలుగా అడగొచ్చు, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. మన తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ అడగండి. పౌరసత్వం వచ్చాక కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, చీరల బీరువాలో దాచేవాళ్ళూ ఉన్నారు. బడిలో "లాక్‌డౌన్ డ్రిల్" చేశారని ఐదేళ్ళ మనవరాలు చెబితే అమ్మమ్మలు కరోనా అనుకుంటారు. ఎవరైనా గన్‌తో బడిలోకి వస్తే లైట్లు ఆర్పేసి, తలుపు గడియ వేసి, చప్పుడు చెయ్యకుండా మూలన కూర్చోవడం నేర్పుతారు. మన బడికి తుఫానుకి సెలవిచ్చినంత మామూలుగా చేస్తారు. పిల్ల ముందు మీరు ఏడవకండి.

తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే, ఈ సంగతి వార్తల్లో కనబడదు. ఉద్యోగం రాక, అప్పు తీరక, ఎవరితోనూ మాట్లాడని రూమ్మేట్ ఉంటే, ఇంట్లో గన్ కూడా ఉంటే, దాన్ని బయటికి పంపించే ఏర్పాటు చెయ్యమని గన్ సొంతదారుతో చెప్పండి. 988 అనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ మాట్లాడతారు, మెసేజీ కూడా పెట్టొచ్చు. ప్రాణం మీదికొస్తే 911.

ఇక్కడ ఉండిపోయే అమ్మానాన్నలకు. "అమెరికాలో కాల్పులు" అని టీవీలో ఎర్ర అక్షరాలు పడగానే అక్కడ అర్ధరాత్రో అపరాత్రో చూడకుండా ఫోన్లు చెయ్యకండి. ముందు ఏ రాష్ట్రమో, ఏ ఊరో చదవండి. చికాగోలో కాల్పులైతే డాలస్‌లో ఉన్న మీ వాడికి, ఢిల్లీ వార్త విన్న పాలకొల్లు వాళ్ళకున్నంత దూరం. పిల్లాడి ఇంటి అడ్రసు, ఇద్దరు రూమ్మేట్ల నంబర్లు, ఆ ప్రాంతం ఏ ఇండియన్ కాన్సులేట్ కిందికి వస్తుందో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డాలస్‌కి హ్యూస్టన్. ఫోన్‌లో ఒక్కటే ఉంటే చాలదు, ఫోన్ పోయిన రోజే అవసరం పడుతుంది.