కువైట్ కబురు నిజమేనా? ప్రపంచ విషయాలపై స్వతంత్ర సమాచారాన్ని వెతుక్కునే పద్ధతి

పాత కడప జిల్లాలో, మరీ ముఖ్యంగా రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో, విదేశీ వార్త అనేది లోపలి పేజీలో ఒకసారి చూసి మడిచి పక్కన పెట్టే సంగతి కాదు. వీధికి ఒకరో ఇద్దరో కువైట్‌లో పనిచేస్తుంటారు కనుక, అక్కడ ఆకామా (నివాస అనుమతి) నిబంధన మారితే ఇక్కడ పెళ్లి ముహూర్తం వాయిదా పడుతుంది. 2024 జూన్‌లో మా వీధిలోని ఒక అక్క ఫోను చేతబట్టుకొని వచ్చి, “ఆమ్నెస్టీ అయిపోయిందంట తమ్ముడూ, మా చెల్లెలు కల్లివల్లిగా ఉండాది, ఇంక రానీయరంట, ఈ మాట నిజమేనా చూడు” అన్నారు. కల్లివల్లి అంటే సరైన పత్రాలు లేకుండా అక్కడ ఉండిపోవడం. ఫోనులో వినిపించింది పేరూ తేదీ లేని ఒక గొంతు. ఆకామా గడువు దాటినవారికి ఆ ఏడాది మార్చి 17న మొదలైన క్షమాభిక్ష (ఆమ్నెస్టీ) జూన్ 17తో ముగియవలసి ఉండగా, కువైట్ ప్రభుత్వం దానిని జూన్ 30 వరకు పొడిగించింది. ఆ గొంతు చెప్పినది అబద్ధం కాదు, గడువు తీరిన నిజం. అది తేల్చుకోవడానికి నాకు గంట పట్టింది. ఆ గంటలో చేసిన పనులూ, అలాంటి మరికొన్ని సందర్భాల్లో నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేయవలసినది కొత్త వెబ్‌సైట్ల కోసం వెతకడం కాదు, చేతిలో ఉన్న వార్త ఎక్కడ బయలుదేరిందో చూడటం. గ్రంథాలయంలో నాలుగు తెలుగు పత్రికలను పక్కపక్కన పరిచి విదేశీ వార్తలు చదివితే, వార్త మొదట్లో ‘దుబాయ్’ అనో ‘లండన్’ అనో ఊరి పేరు, అక్కడక్కడ పీటీఐ, ఏఎఫ్‌పీ, రాయిటర్స్, ఏపీ వంటి వార్తాసంస్థల పేర్లు కనిపిస్తాయి. నాలుగింటిలోనూ వాక్యాలు ఒకే వరుసలో నడుస్తుంటే మీరు చదివినవి నాలుగు వార్తలు కావు, ఒకటే. కువైట్ సంఘటనకు ‘దుబాయ్’ అని ఉంటే రాసిన వ్యక్తి ఆ దేశంలో లేకపోవచ్చునని కూడా గుర్తించాలి. పారిస్‌లో 1835లో ఏర్పడిన హవాస్‌కు వారసురాలైన ఏఎఫ్‌పీ, 1846లో న్యూయార్క్‌లో పుట్టిన ఏపీ, 1851లో లండన్‌లో పుట్టిన రాయిటర్స్ చేతుల మీదుగానే ప్రపంచ వార్తల్లో పెద్ద భాగం ఇప్పటికీ మనకు అందుతోంది. వాటి విలేకరులు అజాగ్రత్తగా పనిచేస్తారని నేను అనను. లోటు ఉన్నది ఏది వార్త, ఏది కాదు అనే ఎంపికలో. వార్తల ప్రవాహం ఒకవైపు నుంచే సాగుతోందన్న ఫిర్యాదును యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లోనే చర్చించింది. పేద దేశాల మాట వినిపించాలన్న ఉద్దేశంతో రోమ్‌లో ఇంటర్ ప్రెస్ సర్వీస్ 1964లోనే మొదలైంది.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది. ‘స్వతంత్రం’ అని తమకు తామే పేరు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ స్వతంత్రులు కారు. అల్ జజీరాకు డబ్బు ఖతార్ ప్రభుత్వం నుంచి, ఆర్‌టీకి రష్యా ప్రభుత్వం నుంచి వస్తుంది. బీబీసీకి బ్రిటన్ ప్రజలు కట్టే లైసెన్సు రుసుముతో పాటు, వరల్డ్ సర్వీసుకు ఆ ప్రభుత్వ నిధులు కూడా అందుతాయి. అందువల్ల వీటిని చదవకూడదని కాదు. ఖతార్ గురించి అల్ జజీరా ఏమి చెప్పకుండా వదిలేస్తోందో గమనిస్తూ, ఆఫ్రికా గురించి అది పంపే కథనాలను నిశ్చింతగా వాడుకోవచ్చునని నా అభిప్రాయం. ప్రతి సైటులోనూ ‘మా గురించి’ అనే పేజీని ముందుగా తెరవండి. దాతల పేర్లు, సంపాదకుల పేర్లు, పొరపాట్లను సరిదిద్దుకున్న జాబితా ఉంటే మంచి గుర్తు, చిరునామా కూడా లేకపోతే అక్కడే ఆగిపోండి.

అన్ని విషయాలకూ ఒకే సైటు సరిపోదు కనుక, మీ ఇంటికి తగిలే ఒక్క ప్రశ్నను ఎంచుకొని దానికి ప్రత్యేకించిన వనరులను వెతకడం మేలు. గల్ఫ్ వలసల విషయంలో 2007 నుంచి నడుస్తున్న మైగ్రెంట్-రైట్స్ సైటు, కఫీల్ పద్ధతిలో (వీసా ఇప్పించిన యజమానికి కట్టుబడి ఉండాల్సిన పద్ధతి) చిక్కుకున్న ఇంటిపనివారి సంగతులను ప్రధాన పత్రికలు పట్టించుకోని సమయంలో కూడా రాస్తుంది. దాని పక్కన కువైట్ అధికారిక వార్తాసంస్థ కూనా ప్రకటననూ, అక్కడి భారత రాయబార కార్యాలయం సూచననూ పెట్టుకొని చదవాలి. ప్రభుత్వ మాటను ప్రభుత్వ నోటనే వినడం, బాధితుల మాటను బాధితుల వైపు నుంచి వినడం, రెండూ అవసరమే. అన్నిటికంటే గట్టి ఆధారం మూల పత్రం. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం చేసిన 68వ నంబరు చట్టం ఆంగ్లానువాదం దొరుకుతుంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక సెలవు ఇవ్వాలని, పని ముగించేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లించాలని అందులో ఉంది. ఏజెంటు చెప్పే ‘అక్కడ రూల్ అంతే’ అనే మాటకు, ఆ చట్టం చదివినవారికి తప్ప మరెవరికీ జవాబు దొరకదు.

మిగతా విషయాలకు కొన్ని పేర్లు చాలు. యుద్ధాలు, కరువుల గురించి ద న్యూ హ్యుమానిటేరియన్‌ను చూడవచ్చు. ఇది 1995లో ఐక్యరాజ్యసమితిలో భాగంగా పుట్టి, 2015లో వేరుపడింది. పర్యావరణానికి మోంగబే, డౌన్ టు ఎర్త్ ఉన్నాయి. దొంగ డబ్బు పరిశోధనకు 2016లో పనామా పత్రాలను బయటపెట్టిన అంతర్జాతీయ పరిశోధక పాత్రికేయుల బృందం ఐసీఐజే, స్థానిక రచయితల గొంతులకు గ్లోబల్ వాయిసెస్ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిషేధించి మే 23న ఎత్తివేసినప్పుడు, మన కిరాణా కొట్టులో ధర ఎందుకు కదిలిందో తెలుసుకోవడానికి అమెరికా వ్యవసాయ శాఖ నెలనెలా ఇచ్చే నూనెగింజల నివేదిక, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ గణాంకాలు పనికివచ్చాయి. వాటిని చదవడానికి ఓపిక తప్ప వేరే పాండిత్యం అక్కరలేదు.

భాష అడ్డుగోడ అనుకోవద్దు. వెతకవలసిన మాటను ముందు అరబిక్‌లోకి యంత్రానువాదం చేసి, ఆ అక్షరాలతోనే వెతికితే కువైట్ పత్రికలే నేరుగా కనిపిస్తాయి. ఫలితాన్ని తెలుగులోకి మార్చినప్పుడు ‘కాదు’, ‘లేదు’ అనే మాటలు జారిపోవడం నేను పలుమార్లు చూశాను. కనుక అదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి కూడా మార్చి సరిచూసుకోవాలి. వెతికేటప్పుడు తేదీని గత వారానికి పరిమితం చేసుకుంటే పాత వార్తల బెడద సగం తగ్గుతుంది.

ప్రధాన పత్రికల్లో లేదు కాబట్టి ఇది దాచిపెట్టిన నిజం అనే వాదనను మాత్రం నమ్మకండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకొని 40 మందికి పైగా భారతీయులు మరణించినప్పుడు, మృతుల సంఖ్య ఆ ఒక్క రోజులోనే పలుమార్లు మారింది. అందులో కుట్ర లేదు, లెక్క ఇంకా తేలలేదంతే. అటువంటి రోజున సంఖ్య పక్కన గంట కూడా రాసుకోవాలి. ఫొటో వస్తే గూగుల్ లెన్స్‌లోనో టిన్ ఐలోనో వేసి, అంతకు ముందు ఎక్కడైనా వాడారేమో చూడాలి.

ఈ పనికి కావలసిన పద్ధతి మన ఊరికి కొత్తదేమీ కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, ఊరూరా తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులను కూర్చోబెట్టి, వేమన పద్యాల పాఠాలను ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనిపిస్తే రెండూ ఒకే మాతృక నుంచి ఎక్కించినవని అనుమానించడం పాఠపరిష్కరణలో మొదటి మెట్టు. వార్తలకూ అదే పరీక్ష పనికివస్తుంది. నేను వాడేది ఒక రూళ్ల నోటుబుక్కు. ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది, ఖర్చు ఎవరిది, నేను చూసిన తేదీ ఏది అని నాలుగు గడులు గీస్తాను. ఆ రోజు ‘జూన్ 30 వరకు’ అని రాసి ఎదురుగా కూనా పేరు, రాయబార కార్యాలయం పేరు, చూసిన సమయం నింపాను. అక్క ఆ పుటను ఫొటో తీసుకొని, అక్కడే నిలబడి చెల్లెలికి పంపారు.